అణిమాండవ్యుని శూలం: రాజభటుల అపరాధం, దండనీతి చరిత్ర

పురాణశ్రవణంలో మాండవ్యోపాఖ్యానం వచ్చినప్పుడు పౌరాణికులు సాధారణంగా ఒకే తాత్పర్యం చెప్పి ముందుకు సాగిపోతారు. మహర్షి బాల్యంలో తూనీగలకు గడ్డిపరకలు గుచ్చాడు, ఆ కర్మఫలం పెద్దతనంలో శూలమై వచ్చింది, కర్మ ఎవరినీ విడువదు. ఈ వ్యాసకర్త కూడ చిన్నతనంలో ఆ కథను అలాగే విన్నాడు. తాత్పర్యం అసత్యం కాదు. అయితే అది ఋషి నోట వచ్చిన మాట కాదు, ధర్మదేవత చెప్పుకొన్న సమాధానం. ఆ సమాధానాన్ని ఋషి అంగీకరించలేదన్న విషయం శ్రోతల మనస్సుల్లో నిలువదు. పైగా ఆ కథలో మరికొందరున్నారు. దొంగలను తరుముతూ వచ్చినవారు, ఆశ్రమాన్ని శోధించినవారు, మౌనిని బంధించి తీసికొనిపోయినవారు, శూలం ఎత్తినవారు. వారు రాజభటులు. నేటి పరిభాషలో పోలీసులు.

ఆదిపర్వంలోని వృత్తాంతాన్ని ఒకసారి నిదానంగా స్మరించుకొందాము. మాండవ్యుడు ఆశ్రమద్వారం చెంత వృక్షమూలంలో ఊర్ధ్వబాహువై, మౌనవ్రతుడై తపస్సు చేస్తున్నాడు. దొంగలు చోరసొత్తుతో వచ్చి ఆశ్రమంలో దాగారు. వెంబడించి వచ్చిన రక్షకులు ఋషిని ప్రశ్నించారు: దొంగలు ఏ దారిన పోయారు? వ్రతస్థుడు పలుకలేదు. వారు ఆశ్రమాన్ని వెదికారు, దొంగలూ దొరికారు, సొత్తూ దొరికింది. ఆ క్షణంలో వారికి మునిపై శంక కలిగింది. శంకనే నిశ్చయంగా రాజుకు నివేదించారు. రాజు విచారించలేదు, అందరినీ వధింపుమన్నాడు. ఆ తపస్వి ఎవరో ఎరుగని భటులు ఆయనను శూలానికి ఎక్కించి, స్వాధీనమైన ధనంతో తిరిగిపోయారు.

ఇందులో భటులకు ద్వేషం లేదు, లంచం లేదు. దొంగలను నిజంగానే పట్టుకొన్నారు, సొత్తును నిజంగానే స్వాధీనం చేసుకొన్నారు. కార్యసాధకులని మెప్పు పొందదగిన భటులే. వారి అపరాధమల్లా పలుకనివానిని నేరస్థునిగా తలచడం, సామీప్యాన్ని సాక్ష్యంగా గ్రహించడం. మౌనం అపరాధచిహ్నం కారాదని, తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పవలసిందని నిందితుని నిర్బంధించరాదని మన రాజ్యాంగంలోని 20వ అధికరణం చెప్పుచున్నది. ఆ అధికరణాన్ని చదివినప్పుడెల్లా ఈ వ్యాసకర్తకు ఆశ్రమద్వారంలో చేతులెత్తి నిలిచిన ఆ మౌని గుర్తుకు వస్తాడు.

ఆహారం లేకున్నా మహర్షి మరణించలేదు. రాత్రివేళ పక్షిరూపాల్లో వచ్చిన ఋషులు కారణం అడిగితే, తాను ఎవరినని దోషిగా చెప్పగలనన్నాడు. సంగతి తెలిసిన రాజు పరుగున వచ్చి, పాదాలపై పడి, క్షమాభిక్ష వేడాడు. ముని ప్రసన్నుడైనాడు. శూలాన్ని లాగబోతే రాలేదు. మొదలంట నరికివేయగా, లోపల చిక్కిన ముక్కతోనే ఆయన లోకసంచారం చేశాడు. అందువల్లనే అణిమాండవ్యుడనే పేరు. క్షమాపణ చెప్పినంతమాత్రాన శరీరంలోని శూలం తొలగిపోదని వ్యాసభగవానుడు ఇంత స్పష్టంగా చూపిన ఘట్టం మరొకటి లేదేమో.

రాజును క్షమించిన ఆ ఋషి ధర్మదేవతను మాత్రం క్షమించలేదు. ఏ కర్మకు ఈ ఫలమని ఆయన సభకు వెళ్లి అడిగాడు. కీటకాలకు ఈషికలు గుచ్చిన బాల్యచేష్టను ధర్ముడు కారణంగా చెప్పాడు. అల్పాపరాధానికి అధికదండన విధించావు, కనుక శూద్రయోనిలో మనుష్యుడవై జన్మించుమని ముని శపించాడు. అంతేకాదు, పదునాలుగేళ్లలోపు చేసినది పాతకం కాదని ఒక మర్యాదను కూడ స్థాపించాడు. దండాధికారానికి పరాకాష్ఠయైన ధర్మదేవతయే దండం మితి తప్పినందున దండితుడైనాడు. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయభట్టారకుడు ఆదిపర్వాన్ని తెనిగించినప్పుడు ఈ ఉపాఖ్యానం కూడ తెలుగువారిదైనది. అయినను భటులకు ఏమైనదో సంస్కృతభారతం చెప్పదు.

ఆ లోటును పూరించినవాడు కౌటిల్యుడు. అర్థశాస్త్రంలో నాలుగవ అధికరణం పేరు కంటకశోధనం. రాజ్యశరీరంలో గుచ్చుకొన్న ముళ్లను వెదకి తీయడమని అర్థం. నిందితుని వాగ్రూపంగాను, కాయక్లేశంతోను ప్రశ్నించే విధానాన్ని వివరించే ప్రకరణంలో ఆయన అకస్మాత్తుగా అణిమాండవ్యుని పేరు ఉదాహరిస్తాడు. చోరుడు కానివాడు కూడ దైవవశాత్తు చోరమార్గంలో తారసపడవచ్చు, దొంగవలె వేషమో ఆయుధమో సామగ్రియో కలిగి ఉండవచ్చు, దొంగసొత్తు దగ్గర దొరకవచ్చు. మాండవ్యుడు దొంగ కాకున్నను హింసాభయంతో దొంగనేనని ఒప్పుకొన్నాడు కదా, అందుచేత నిర్ధారణ సంపూర్ణమైన తరువాతనే దండించవలెను. ఇది ఆ వాక్యాల సారాంశం.

శ్రద్ధగల పాఠకులకు ఇక్కడ ఒక భేదం తట్టే ఉంటుంది. భారతంలో మాండవ్యుడు మౌని. కౌటిల్యుని నోట ఆయన భయంతో నేరాన్ని అంగీకరించినవాడు. ఆచార్యునికి మరొక కథాపాఠం తెలిసి ఉండవచ్చు, లేక తన శాస్త్రప్రయోజనానికి అనుగుణంగా మలచుకొని ఉండవచ్చు. పాఠభేదం ఏదైనను పరిణామం ఒక్కటే. పలుకనివాడూ శూలం ఎక్కినాడు, పలికినవాడూ శూలం ఎక్కినాడు. హింస వల్ల రాబట్టిన అంగీకారం ప్రమాణం కాజాలదనే ఎరుక మనకు పాశ్చాత్యుల నుండి అరువుగా వచ్చినదని తలచేవారు ఈ ఒక్క ప్రకరణం చదివినా చాలును.

అధికారులకు విధించిన దండనలు కూడ అక్కడే ఉన్నవి. చోరుడు కానివానిని చోరుడన్నవానికి చోరునితో సమానమైన దండన. నేరం జరిగిన మూడు రాత్రుల తరువాత కేవలం శంకతో ఎవరినీ పట్టరాదు. తగనివానికి శరీరదండన విధించిన అధికారి తానే ఆ దండనను పొందవలెను, లేదా దాని నిష్క్రయానికి రెట్టింపు చెల్లించవలెను. నిర్బంధంలో ఉన్నవానికి నిద్ర, ఆసనం, భోజనం, మలమూత్రవిసర్జనలకు అడ్డుపడితే జరిమానా. అన్నపానాలు నిరోధిస్తే 96 పణాలు. బాధించినా, లంచం గుంజినా మధ్యమసాహసదండం. చంపితే 1,000 పణాలు. ఇక్కడ చంపినవాడు దొంగ కాడు, బందీగృహాధికారి.

ఇదంతా చూపి, ప్రాచీనభారతంలో సర్వం ధర్మమయంగా ఉండేదని ముగించడం సులభం. అది సత్యం కాదు. ఆ ప్రకరణమే హింసాప్రకారాలను వరుసగా లెక్కించి చెప్పుచున్నది. దోషం బలంగా కనిపించినవానిపై ప్రయోగించవచ్చునని అనుమతించుచున్నది. బ్రాహ్మణునికి ఆ బాధ నుండి మినహాయింపు, స్త్రీలకు సగమో లేక కేవలం వాగ్విచారణయో, ఇతరులకు పూర్తి బాధ. దండనల తారతమ్యం వర్ణాన్నీ హోదానూ అనుసరించి నడిచింది. జిజ్ఞాసువు అనిపించుకొనేవాడు దీనిని దాచరాదు. కౌటిల్యుడు హింసను నిర్మూలించలేదు, హింసించే చేతికి కూడ వెల కట్టాడు.

ధర్మసూత్రకారులలో ఆపస్తంబుడు మరొక మార్గం చూపాడు. తెలుగునాట వైదికకుటుంబాలలో అధికసంఖ్యాకులు ఆపస్తంబసూత్రులే. నిత్యం ప్రవర చెప్పుకొని అభివాదం చేసేటప్పుడు ఆ పేరును ఉచ్చరిస్తారు. ఆ మహర్షియే ప్రజారక్షణకు శుచులను, సత్యశీలురను నియమింపుమని రాజుకు చెప్పి, నగరం చుట్టూ యోజనదూరం, గ్రామం చుట్టూ క్రోశదూరం వారు కాపాడవలసిన పరిధియని నిర్ణయించాడు. ఆ పరిధిలో ఏది చోరీ అయినను రక్షకులే తిరిగి చెల్లించవలెను. ప్రవర చెప్పే మనలో ఎందరికి ఈ సూత్రం తెలియునో!

మనువు ఇంకొంత కటువుగా పలికాడు. రక్షణకై నియుక్తులైన రాజభృత్యులే తరచు పరస్వాన్ని హరించే శఠులగుదురని, వారి నుండి ప్రజను రాజు కాపాడవలెనని, కార్యార్థుల వద్ద ధనం గుంజినవారి సర్వస్వం హరించి దేశం వెడలగొట్టవలెనని సప్తమాధ్యాయంలో విధించాడు. యాజ్ఞవల్క్యుడు ప్రజలను పీడించేవారిని లెక్కిస్తూ వంచకులు, తస్కరులు, దుర్వృత్తులతో పాటు రాజాధికారులైన లేఖకులను ప్రత్యేకంగా పేర్కొన్నాడు.

ఇవి శాస్త్రవాక్యాలు మాత్రమేనని, ఆచరణ వేరని ఎవరైనా అనవచ్చును. ఆచరణకు తామ్రశాసనాలు సాక్ష్యం. దక్కనును ఏలిన వాకాటకుల దానశాసనాలలో గ్రామాన్ని దానం చేసేటప్పుడు ఇచ్చే పరిహారాలలో ఒకటి భటులు ఆ గ్రామంలో ప్రవేశించరాదన్నది. ఇతర రాజవంశాల శాసనాలలోను ఇటువంటి నిబంధనలు కనిపిస్తాయి. భూమి ఒక వరం, పన్నుల మినహాయింపు ఒక వరం, రాజభటుడు ఊరిలో అడుగు పెట్టకుండుట వాటితో సమానమైన వరం. రాగిరేకుపై చెక్కించి మరీ ఇచ్చారంటే, ఆ అడుగు ప్రజలకు ఎంత బరువుగా ఉండెడిదో ఊహింపవచ్చును.

ఆ బరువును కన్నులకు కట్టించినవాడు కాళిదాసు. శాకుంతలం ఆరవ అంకం ఆరంభంలో జాలరి ఒకడు రాజముద్రిక అమ్మబోతూ పట్టుబడినాడు. నగరరక్షణాధికారి సాక్షాత్తు రాజశ్యాలకుడు. సూచకుడు, జానుకుడు అనే ఇద్దరు భటులు జాలరిని కొట్టుచు, అతని కులవృత్తిని పరిహసించుచు, వధ్యమాల వేయుటకు చేతులు దురదపెట్టుచున్నవని ఉవ్విళ్లూరుచుందురు. చేప కడుపులో దొరికినదన్న అతని మాట నిజమని తేలినది. ఉంగరం విలువకు సమానమైన ధనం రాజు బహూకరించాడు. భటుల ముఖాలు మాడినవి. జాలరి అందులో సగం వారికి సమర్పించాడు. తక్షణమే అతడు వారికి ప్రియమిత్రుడైనాడు, అందరును కలిసి మద్యశాలకు కదలినారు. మనం ఈ ఘట్టాన్ని హాస్యమని చదివి నవ్వి వదలుచున్నాము. నిర్దోషియని తేలిన తరువాత కూడ జాలరి సగం సొమ్ము ఎందుకు ఇచ్చినాడు? కొట్టినందుకు ఎవరు ఎవరికి ఏమి చెల్లించారు? దుష్యంతునికి ఆ దెబ్బల సంగతి తెలిసినట్లు నాటకంలో ఎక్కడను లేదు. ఆయన తన ఉంగరం చూచి తన దుఃఖంలో మునిగినాడు.

కాలం మారింది, రాజులు మారారు. మద్రాసు రాజధానిలో ఈస్టిండియా కంపెనీవారు 1816 రెగ్యులేషను ద్వారా శిస్తు వసూలు చేసే తహశీల్దారులకే పోలీసు అధికారాన్ని కూడ అప్పగించారు. శిస్తు కట్టని రైతు, నేరం ఒప్పుకొనని నిందితుడు ఒకే చేతికి చిక్కినారు. 1854లో బ్రిటిషు పార్లమెంటులో ఈ హింసల ప్రస్తావన రాగా, విచారణకై ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో ఒక సంఘం ఏర్పడింది. 1855లో వారు సమర్పించిన నివేదిక చదువుట కష్టం. మండుటెండలో వంగదీసి నిలుపుట, వీపుపై రాళ్లెత్తుట, కారం ప్రయోగించుట, జుట్టును గాడిదతోకకు కట్టుట. వేళ్లను రెండు కర్రల నడుమ పెట్టి బిగించే సాధనాన్ని అరవదేశంలో కిట్టి అనేవారు. తెలుగుజిల్లాలలో దానికి చిరత అని పేరు. భజనలో తాళం వేసే చిరతలకు, వేళ్లు నలిపే యంత్రానికి ఒకే పేరుండుట మన భాషకు పట్టిన దౌర్భాగ్యం.

హింస సార్వత్రికంగా ఉన్నదని అంగీకరించిన ఆ సంఘం, నిందను అధికభాగం స్వదేశీయులైన చిన్న ఉద్యోగులపై మోపింది. శిస్తు రాబడి పెంచుమని పైనుండి ఒత్తిన దొరల పాత్రను తేలికగా దాటివేసింది. పై అధికారి ఆజ్ఞాపించుట, క్రింది భటుడు చేయుట, పట్టుబడినప్పుడు క్రిందివాడే దోషి అగుట అన్నది నాటితో ఆగలేదు. అయినను ఆ నివేదిక నిష్ఫలం కాలేదు. 1859లో మద్రాసు పోలీసుచట్టం, 1861లో అఖిలభారత పోలీసుచట్టం వచ్చి శిస్తును, రక్షణను వేరు చేశాయి. 1860 నాటి శిక్షాస్మృతి 330వ సెక్షనులో నేరం ఒప్పించుటకై గాయపరచినవానికి ఏడేండ్లవరకు, తీవ్రంగా గాయపరిస్తే 331వ సెక్షనులో పదేండ్లవరకు కారాగారం విధించింది. 1872 సాక్ష్యచట్టం 25వ సెక్షను పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని శాసించింది. ఇప్పుడు అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం కూడ ఆ నియమాన్ని నిలిపింది. కౌటిల్యుని గ్రంథాన్ని మైసూరులో శామశాస్త్రిగారు ప్రకటించినది 1909లో. కనుక 1872లో చట్టం వ్రాసినవారికి అణిమాండవ్యుని గురించిన ఆ ప్రకరణం తెలిసే అవకాశం లేదు. తెలియకయే అదే నిర్ణయానికి వచ్చారు.

1861 చట్టంలోనే మరొక ముఖం ఉన్నది. విధిని ఉల్లంఘించిన పోలీసుకు గరిష్ఠదండన మూడు నెలల జీతం, లేదా మూడు నెలల జైలు, లేదా రెండును. ఆ చట్టం క్రింద చేసిన పనిపై అభియోగం తేవలెనన్నా మూడు నెలలలోపే తేవలెను. 1857 తిరుగుబాటు తరువాత పాలకులకు కావలసినది విధేయమైన బలగం. 1902-03లో ఫ్రేజరు అధ్యక్షతన నియమితమైన పోలీసు కమిషను ఆ బలగాన్నే అసమర్థమని, అవినీతిమయమని, ప్రజాపీడకమని తీవ్రంగా గర్హించింది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాతి కథలో తెలుగుదేశానికి మరువరాని అధ్యాయాలు ఉన్నవి. 1978లో హైదరాబాదు నగరంలో ఒక స్త్రీ పోలీసుస్టేషనులో అత్యాచారానికి గురియైనది. ఆమె భర్త దెబ్బలకు మరణించాడు. నగరం భగ్గుమన్నది. జస్టిస్ ముక్తదర్ కమిషను పోలీసులను దోషులుగా తేల్చింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయి, 1981లో వారు నిర్దోషులుగా విడుదలైనారు. నాలుగు గోడల మధ్య జరిగినదానికి సాక్షులెవరు? ఉన్నవారందరు పోలీసులే. అందువల్లనే 1985లో లా కమిషను తన 113వ నివేదికలో, కస్టడీలో గాయమైతే అది ఆ అధికారి వల్లనే కలిగినదని న్యాయస్థానం భావింపవచ్చునని సాక్ష్యచట్టంలో చేర్చవలెనని సూచించింది. ఆపస్తంబుని యోజనపరిధి సూత్రానికి ఇది దూరపు బంధువు: నీ కాపుదలలో జరిగినదానికి నీవే బాధ్యుడవు. ఆ సూచన చట్టం కాలేదు.

చట్టసభలు చేయనిదానిని సర్వోన్నతన్యాయస్థానం కొంత చేసింది. కస్టడీమరణానికి ప్రభుత్వం పరిహారం చెల్లించవలసిందేనని 1993లో నీలబతి బెహెరా తీర్పులో చెప్పింది. 1996 డిసెంబరు 18న డి.కె. బసు తీర్పులో అరెస్టుకు పదకొండు నియమాలు విధించింది. అరెస్టు చేసేవాని పేరు కనబడవలెను, పత్రం వ్రాసి సాక్షిసంతకం తీసికొనవలెను, బంధువులకు తెలుపవలెను, వైద్యపరీక్ష జరుపవలెను. ప్రకాశ్‌సింగ్ అనే విశ్రాంత పోలీసు ఉన్నతాధికారి స్వయంగా వేసిన వ్యాజ్యంలో 2006 సెప్టెంబరు 22న ఇచ్చిన ఆదేశాలలో రాష్ట్రస్థాయిలోను జిల్లాస్థాయిలోను పోలీసులపై ఫిర్యాదులను విచారించే ప్రాధికారసంస్థలు ఉండవలెనన్నది ఒకటి. హింసానిరోధక అంతర్జాతీయ ఒప్పందంపై భారతదేశం 1997లో సంతకం చేసింది, ధ్రువీకరించలేదు.

ఇంతవరకు దోషం భటులదీ రాజులదీ అన్నాము. మనది కూడ ఉన్నది. 2019 డిసెంబరు 6 ఉదయం షాద్‌నగర్ సమీపంలో చటాన్‌పల్లి వద్ద, ఒక యువ పశువైద్యురాలి ఘోరహత్య కేసులో నిందితులైన నలుగురు పోలీసుకాల్పుల్లో మరణించినప్పుడు జనం పోలీసులపై పూలు చల్లారు. ఆ యువతికి జరిగినది తలచుకొంటే ఏ హృదయానికైనా ఆగ్రహం సహజం. సర్వోన్నతన్యాయస్థానం నియమించిన సిర్పూర్కర్ కమిషను 2022లో తన నివేదికలో, చంపే ఉద్దేశంతోనే బుద్ధిపూర్వకంగా కాల్చారని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని అభిప్రాయపడి, పదిమంది పోలీసులపై విచారణ జరుగవలెనన్నది. వారు దోషులో కాదో తేల్చే న్యాయవిచారణ ఆ ఉదయమే అసంభవమైనది. మాండవ్యునితో పాటు శూలమెక్కిన ఆ దొంగల పేర్లు వ్యాసుడు చెప్పలేదు. వారిని కూడ రాజు విచారించలేదన్న సంగతి ఈ వ్యాసకర్తకు చాలకాలం స్ఫురించనే లేదు.

స్టేషనులో దెబ్బలు తిన్నవాని గాథ విని, అది అతని ప్రారబ్ధమని నిట్టూర్చే సాధకులు మనలో ఉన్నారు. ప్రారబ్ధం తనను గురించి తాను చేసుకొనే చింతనకు మందు. శూలంపై ఉన్నప్పుడు మాండవ్యుడు ఇతరులను నిందించకుండుట ఆ చింతనయే. ఆ మాట కొట్టినవాని నోట వచ్చినా, చూచుచు నిలిచినవాని నోట వచ్చినా విషం అవుతుంది. కర్మ ఫలాన్ని ఇచ్చును గాని కొట్టేవానికి లాఠీని అనుజ్ఞగా ఇవ్వదు; అతడు చేసినది అతని ఆగామి. ధర్మదేవత స్వయంగా కర్మకారణం చూపినప్పుడు కూడ, అది దండన మితికి సమాధానం కాదని మహర్షి త్రోసిపుచ్చాడు.

శాపగ్రస్తుడైన ధర్ముడు విదురుడై పుట్టాడు. ఇప్పుడు అతనికి సింహాసనం లేదు, శూలం లేదు, ఆజ్ఞాపించే అధికారం లేదు. రాజు చెవిలో చెప్పగల మాట మాత్రమే ఉన్నది. వారణావతంలో పురోచనుడనే రాజోద్యోగి, ప్రభువు ఆదేశంపై, నిద్రించే కుంతినీ ఆమె కుమారులనూ లక్కయింటిలో దగ్ధం చేయుటకు సిద్ధపడినప్పుడు, దానిని ముందే పసిగట్టి, ఇతరులకు తెలియని మాటలతో ధర్మరాజును హెచ్చరించి, సొరంగం త్రవ్వుటకు ఖనకుని పంపినవాడు ఆ విదురుడే.